వాడినకొద్దీ తెలిసే పనితనం: ఒలింపస్ ఓఎం-1

ఒలింపస్ ఓఎం-1 కెమెరా పైభాగంలో, కుడివైపున ఒక పెద్ద చక్రం ఉంటుంది. వేరే ఫిల్మ్ కెమెరాలకు అలవాటుపడ్డవాళ్లు దీన్ని చేతిలోకి తీసుకోగానే, షట్టర్ వేగం మార్చాలని ఆ చక్రాన్నే తిప్పబోతారు. అది షట్టర్ చక్రం కాదు. లోపల వేసిన రీలు వెలుగుకు ఎంత త్వరగా స్పందిస్తుందో కెమెరాలోని వెలుగు మీటరుకు చెప్పే చక్రం. రీలు వేసినప్పుడు ఒకసారి సరిచేస్తే, మళ్లీ రీలు మార్చేదాకా దానితో పని లేదు. షట్టర్ వేగం మార్చే రింగు లెన్సు బిగించే చోట, దాని చుట్టూ ఉంటుంది. ఈ అమరిక మొదటి రీలు అయ్యేదాకా చికాకు పెడుతుంది. ఆ చికాకు దగ్గరే ఆగిపోయి కెమెరాను అమ్మేసేవాళ్లు చాలామంది. ఓపిక పట్టినవాళ్లకు మాత్రం కొన్నాళ్లకు అసలు సంగతి తెలుస్తుంది. ఆ రింగు ఉండవలసిన చోటే ఉంది. అలవాటే తప్పు చోట ఉంది.

ఫిల్మ్ కెమెరాల మోజు ఒకసారి పట్టుకుంటే ఒక్కదానితో తీరదు. నికాన్ కొంటారు, రెండు రీళ్లు తిరక్కముందే పెంటాక్స్ మీదికి మనసు పోతుంది. అది అమ్మి యాషికా, ఇది ఇచ్చి మినోల్టా, పైన కొంత వేసి లైకా. ఈ మోజును తప్పుపట్టాలని నాకు లేదు. దాని అడుగున నిజమైన ప్రేమ ఉంది. బొటనవేలితో లివరు లాగితే లోపల పళ్లచక్రాలు కదిలి, స్ప్రింగు బిగిసి, వేలు నొక్కగానే సెకనులో వెయ్యో వంతు పాటు మాత్రమే వెలుగును లోపలికి రానిచ్చే వస్తువును మనిషి చేయగలిగాడన్న ఆశ్చర్యం ఉంది. కానీ అమ్ముతూ కొంటూ పోయేవాళ్లకు ఆ పనితనం పైపైనే అందుతుంది. లోహం మెరుపు, చేతిలో బరువు, లివరు నునుపు, ఇవన్నీ దుకాణంలో పది నిమిషాల్లో తెలిసిపోతాయి. తయారుచేసినవాడి ఆలోచన తెలియాలంటే నెలల తరబడి వాడాలి. ఇందుకు ఓఎం-1 కంటే మంచి రుజువు నాకు తెలియదు.

దీన్ని రూపొందించిన ఇంజనీరు యోషిహిసా మైతాని. 1960ల చివరికి అద్దంతో పనిచేసే ఎస్ఎల్ఆర్ కెమెరాలే వృత్తి ఫొటోగ్రాఫర్ల చేతుల్లోకి వచ్చేశాయి. మీటరు అమర్చిన నికాన్ ఎఫ్ మామూలు లెన్సుతో కలిపి కిలో దాటేది. మైతాని దృష్టిలో ఆ కెమెరాలకు మూడు దోషాలు: పెద్దవి, బరువైనవి, నొక్కితే పెద్ద చప్పుడు చేసేవి. 1972లో జపాన్‌లో విడుదలైన ఆయన కెమెరా బాడీ వెడల్పు 136 మిల్లీమీటర్లు, ఎత్తు 83, బరువు 510 గ్రాములు. చిన్న కెమెరా చేయడమే గొప్ప అనుకుంటే పొరపాటు. ఎస్ఎల్ఆర్‌లో అద్దం ఉండాలి, దాని పైన పట్టకం ఉండాలి, వెనక షట్టర్ ఉండాలి. వీటిలో ఏదీ తీసేయడానికి వీల్లేదు. ఉన్నవాటినే కొత్త చోట్లలో సర్దాలి.

షట్టర్ రింగు కథ ఇక్కడే మొదలవుతుంది. షట్టర్ వేగాలను నియంత్రించే పళ్లచక్రాల అమరికను మైతాని అద్దం పెట్టె అడుగుకు దించాడు. దాంతో పైభాగంలో చోటు మిగిలింది, కెమెరా ఎత్తు తగ్గింది. యంత్రం కిందికి దిగాక దాన్ని నడిపే రింగు లెన్సు చుట్టూ రావడం సహజం. మామూలుగా రిబ్బన్లతో లాగే షట్టర్ గుడ్డ తెరలను ఇక్కడ సన్నటి దారాలతో లాగించారు. అదీ చోటు మిగల్చడానికే. లెన్సు చుట్టూ షట్టర్ రింగు పెట్టడం కొత్తేమీ కాదు. 1965 నాటి నికార్మాట్‌లోనూ అది ఉంది. మైతాని చేసిందల్లా ఆ ఒక్క నిర్ణయం చుట్టూ మిగతా కెమెరానంతా పేర్చడం.

ఎడమచేతి అరచేతిలో కెమెరాను ఆనించి పట్టుకుని చూడండి. బాడీకి ఆనుకుని షట్టర్ రింగు, దాని ముందు ఫోకస్ రింగు, అన్నిటికంటే ముందు అపర్చర్ రింగు. మూడూ ఒకే వరసలో, ఒకే చేతి వేళ్ల కింద. షట్టర్ రింగుకు రెండు పక్కలా చిన్న పట్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. కంటితో చూడకుండానే వేలికి తగులుతాయి. లెన్సు ఊడదీసే మీట, అపర్చర్‌ను ముందే మూసి చూసుకునే మీట బాడీ మీద కాక లెన్సు మీదే, ఎదురెదురుగా ఉంటాయి. కుడిచేతికి మూడే పనులు: గట్టిగా పట్టుకోవడం, నొక్కడం, లివరు లాగడం. కంటిని వ్యూఫైండర్ నుంచి తీయకుండానే అన్నీ మార్చుకోవచ్చు. మన ఊళ్ల స్టూడియోల్లో ఒక్క యాషికా మ్యాట్‌తో ఏళ్ల తరబడి పెళ్లిళ్లు తీసిన ఫొటోగ్రాఫర్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. ముహూర్తం వేళ కెమెరా వంక చూసుకుంటూ కూర్చుంటే తలంబ్రాలు అయిపోతాయి. వాళ్లకు పనితనమంటే వేలికి తెలిసిందే.

కన్ను పెట్టే చోటు ఇంకో ఆశ్చర్యం. బాడీ చిన్నదైతే వ్యూఫైండర్ కూడా చిన్నదవుతుందని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ అది పెద్దదైంది. 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి దూరానికి ఫోకస్ చేస్తే, దృశ్యం మామూలు కంటికి కనబడే పరిమాణంలో 0.92 వంతు కనిపిస్తుంది. ఫిల్మ్ మీద పడే బొమ్మలో 97 శాతం అందులో కనబడుతుంది. ఆ రెండు అంకెలూ ఒకే కెమెరాలో కలవడం అరుదు. దీనిలోకి మొదటిసారి చూసినవాళ్లు ఒక క్షణం ఫొటో సంగతే మరిచిపోతారు. ఎదుట ఉన్నదంతా కిటికీ తలుపు తీసినట్టు కనిపిస్తుంది. మీటరు ముల్లు ఒక మూలన ఒదిగి ఉంటుంది. అంతకుమించి అంకెలు లేవు, దీపాలు లేవు. చూడవలసింది ఎదుటి మనిషి ముఖమని ఆ ఖాళీయే చెబుతుంది.

మూడో దోషం చప్పుడు. ఎస్ఎల్ఆర్‌లో ఫొటో తీసే క్షణాన అద్దం పైకి లేచి తగలడం వల్ల చప్పుడు, కుదుపు రెండూ పుడతాయి. మైతాని ఆ అద్దం వేగాన్ని మెత్తగా అణచడానికి గాలితో పనిచేసే డ్యాంపర్ పెట్టించాడు. ఓఎం-1 నొక్కితే వచ్చేది పొట్టి, మెత్తని శబ్దం. కుదుపు అసలే పనికిరాని చోట, సూక్ష్మదర్శినికి గాని టెలిస్కోపుకు గాని బిగించినప్పుడు, అద్దాన్ని ముందే పైకెత్తి ఉంచే ఏర్పాటూ ఉంది. ఇక షట్టర్‌కు బ్యాటరీతో పనే లేదు. బ్యాటరీ మీటరు ముల్లుకు మాత్రమే. అది అయిపోయినా ఒక సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి.

మీటరు లేకున్నా పని సాగుతుందన్న సంగతి బాగా తెలిసిన ఫొటోగ్రాఫర్ జేన్ బౌన్. లండన్ పత్రిక అబ్జర్వర్‌కు 1949 నుంచి దశాబ్దాల పాటు పోర్ట్రెయిట్లు తీసిందామె. ఓఎం-1లు చేతికొచ్చాక వాటినే నమ్ముకుంది. కిటికీ వెలుగులోనే ఎక్కువగా తీసేది. అపర్చర్ 2.8, షట్టర్ వేగం అరవయ్యో వంతు, ఇదే ఆమె ఇష్టపడ్డ లెక్క. మీటరు ముల్లు కంటే, తన చేతి మీద వెలుగు ఎలా పడుతోందో చూసుకోవడాన్నే ఆమె నమ్మింది. కెమెరాలను సంచిలో వేసుకుని వెళ్లి, తక్కువ సమయంలో పని ముగించుకుని వచ్చేది. కెమెరా ఎంత తక్కువ మారితే ముఖం మీద దృష్టి అంత నిలుస్తుందని ఆమె పని చూస్తే అర్థమవుతుంది.

ఓఎం-1 మొదట ఎం-1 పేరుతో వచ్చింది. లైకా ఎం కెమెరాల పేరుకు దగ్గరగా ఉందని లైట్జ్ కంపెనీ అభ్యంతరం చెప్పడంతో ముందు ఓ అక్షరం చేర్చి ఓఎం-1 చేశారు. ఎం-1 అని చెక్కిన కొద్దిపాటి కెమెరాలకు ఈనాడు సేకరించేవాళ్ల దగ్గర ఎక్కువ ధర పలుకుతుంది. లోపలి యంత్రం అదే, వ్యూఫైండర్ అదే, చప్పుడు అదే. తేడా ఒక్క అక్షరం. ఓఎం-1 చేతిలో ఉండగానే ఎం-1 కోసం వెతికేవాళ్లను చూస్తే, మోజు ఏ చోట పనితనాన్ని వదిలేసి ముద్ర వెంట పడుతుందో తెలుస్తుంది.

మైతాని దారి దీనికి పూర్తిగా వేరు. 1933లో పుట్టిన ఆయన చదువుకునే రోజుల్లోనే లైకాతో విపరీతంగా ఫొటోలు తీశాడు. వాసెడా విశ్వవిద్యాలయంలో చదివి 1956లో ఒలింపస్‌లో చేరాడు. లైకా వదిలేసి ఇంకోటి పట్టుకోవాలని ఆయన ఆలోచించలేదు. లైకాతో పాటు జేబులో వేసుకుని తిరగగలిగే చవకైన కెమెరా, అయినా మంచి లెన్సు ఉన్నది, ఎందుకు లేదని ఆలోచించాడు. ఆ లోటు నుంచి పుట్టిందే 1959 నాటి ఒలింపస్ పెన్. 6,000 యెన్ల ధరను లక్ష్యంగా పెట్టుకుని, ఖర్చు విషయంలో లెన్సుకే పెద్దపీట వేశాడు. మిగిలిన దానిలో బాడీ చేయాలి కనుక రీలు తిప్పే లివరు తీసేసి, వెనకవైపు బొటనవేలితో తిప్పే చక్రం పెట్టాడు. ఫ్రేమును సగం చేసి 36 ఫొటోల రీలులో 72 పట్టించాడు. 1963లో పెన్ ఎఫ్ వచ్చింది. దాని అద్దం పైకి కాక పక్కకు లేస్తుంది, షట్టర్ గుండ్రంగా తిరిగే టైటానియం రేకు. 1979లో ఎక్స్ఏ వచ్చింది. మూత జరిపితే లెన్సు బయటపడుతుంది, మూస్తే వేరే కవరే అక్కర్లేదు. ఇవన్నీ చేసిన మనిషి దారి ఒక్కటే. చేతిలో ఉన్నదాన్ని వాడి వాడి, అందులో లేనిదేదో కచ్చితంగా తెలుసుకుని, బజారులో దొరకదని తేలాకే చేయడానికి పూనుకోవడం. 2009లో ఆయన కన్నుమూసేనాటికి ఫిల్మ్ కాలం దాదాపు ముగిసింది.

ఓఎం-1కూ లోపాలున్నాయి. దాని మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసినది. ఆ బ్యాటరీలు ఇప్పుడు రావడం లేదు. మామూలు 1.5 వోల్టుల బ్యాటరీ నేరుగా వేస్తే మీటరు తప్పు చూపిస్తుంది, వోల్టేజి తగ్గించే అడాప్టరు కావాలి. పట్టకం దగ్గర పెట్టిన ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా కరిగి, పట్టకం మీది వెండిపూతను తినేస్తుంది. వ్యూఫైండర్‌లో నల్లటి మరకలు కనిపిస్తే కారణం అదే కావచ్చు. కొనేముందు కన్ను పెట్టి చూసుకోవాలి, కొన్నాక పాత ఫోమ్ తీయించాలి. వాడకుండా పడేస్తే చెడిపోయే గుణం మాత్రం అన్ని ఫిల్మ్ కెమెరాలదీ. గ్రీజు గట్టిపడుతుంది, నెమ్మది వేగాలు ఇంకా నెమ్మదిస్తాయి, మన కోస్తా జిల్లాల ఉక్కకు లెన్సులో బూజు పడుతుంది. బీరువాలో పది కెమెరాలున్నవాళ్లు తొమ్మిదింటిని ఇలాగే పోగొట్టుకుంటున్నారు.

అందుకే ఫిల్మ్ మీద ప్రేమ ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే కెమెరా కోసం దాచిన డబ్బుతో రీళ్లు కొనండి. ఇంట్లో ఉన్నవాటిలో ఒకటి ఎంచుకుని, బాగుచేయించి, ఒక ఏడాది దానితోనే తీయండి. ఏడాది తర్వాత కూడా అందులో ఏదో లోటు అనిపిస్తే, ఆ లోటు ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, అప్పుడు నిస్సంకోచంగా మార్చండి. చెప్పలేకపోతే మీ దగ్గరున్న కెమెరా మంచిదే.