అద్దానికి అవతల ఉన్న ఇల్లు

సీలేరు వైపు కొండల్లో మట్టిల్లు నిలబడేది చేతుల మీద. వానాకాలం గోడని కోసేస్తుంది, చెద వాసాల్ని తినేస్తుంది. పండగ వస్తోందనగా ఆడవాళ్లు ఎర్రమన్ను కలిపి గోడ మళ్లీ మెత్తుతారు, మగవాళ్లు కప్పెక్కి కుళ్లిన గడ్డి తీసి కొత్తది పరుస్తారు. ఏటా కొంత పాతది రాలిపోతుంది, కొంత కొత్తది చేరుతుంది. ఇల్లు మాత్రం అదే ఇల్లు. కాపురం లేచిపోయిందంటే మాత్రం నాలుగు వానలకే మొండిగోడలు.

మరి కాపురం లేని ఇంటిని, కాపురం ఉన్న తీరు చెడకుండా నిలబెట్టడం ఎలా? ఇదొక పనితనం. మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ హిమాచల్‌లో, కులూ లోయలో, బియాస్ నదికి ఎగువన దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న నగ్గర్ ఊళ్లో ఉంది. అది రష్యన్ చిత్రకారుడు, తాత్వికుడు నికొలాయ్ రోరిక్ ఇల్లు.

రష్యా మనిషి ఈ కొండల్లోకి ఎలా వచ్చాడు? బోల్షివిక్ ప్రభుత్వం 1922లో తనకు గిట్టని తాత్వికుల్ని ఓడలెక్కించి దేశం దాటించింది. బెర్ద్యాయెవ్ లాంటివాళ్లు అలా వెళ్లినవాళ్లే. రోరిక్ ఆ జాబితాలో లేడు. విప్లవం నాటికే ఊపిరితిత్తుల జబ్బుతో, అప్పట్లో ఫిన్లాండ్ వైపున్న కరేలియాలో ఉన్నాడు. 1918లో ఫిన్లాండ్ సరిహద్దు మూతపడటంతో అవతలే ఉండిపోయాడు. అక్కణ్ణుంచి లండన్, అమెరికా, 1923 చివర్లో ఇండియా. ఆ తర్వాత భార్య హెలీనా, పెద్దకొడుకు యూరీలతో మధ్య ఆసియా అంతా తిరిగి 1928 చివర్లో నగ్గర్ చేరాడు. 1947 డిసెంబర్ 13న అక్కడే పోయాడు. తిరిగి స్వదేశం వెళ్లాలన్న కోరిక తీరలేదు. యూరీ మాత్రం 1957లో మాస్కో వెళ్లి స్థిరపడగలిగాడు.

ఇంటి కన్నా ముందు ఆ ఊరి గోడల్ని చూడాలి. నగ్గర్ కోట 1460 ప్రాంతంలో కట్టింది. అక్కడి పద్ధతి పేరు కాఠ్‌కుణి. గోడకి ఇటొక దేవదారు దూలం, అటొక దేవదారు దూలం పడుకోబెడతారు. రెంటినీ కలుపుతూ అడ్డకట్టెలు బిగించి, మధ్య సందులో రాళ్లు నింపుతారు. దాని మీద రాతి వరస, మళ్లీ కలప వరస. మూలల్లో దూలాలు ఒకదాని మీదొకటి ఎక్కి కరుచుకుంటాయి. సున్నం లేదు, అడుసు లేదు. బిగువంతా బరువుదీ, అమరికదీనూ. భూమి కదిలితే రాయి పిసరంత జరుగుతుంది, కలప కాస్త వంగుతుంది, గోడ మళ్లీ కుదురుకుంటుంది. 1905 కాంగ్రా భూకంపానికి లోయలో ఎన్నో కట్టడాలు కూలినా ఈ కోట నిలిచింది. సిమెంటు పూసి ‘గట్టిపరచాలని’ ఎవరికైనా బుద్ధి పుడితే ఆ కదలికే చచ్చిపోతుంది. పాత కట్టడానికి చేసే అపకారాల్లో సగం ఇలాంటి ఉపకారాలే.

రోరిక్ ఇల్లు రెండంతస్తులది. కింద చిత్రశాల. పై గదుల్లోకి అడుగు పెట్టనివ్వరు. చుట్టూ ఉన్న వసారాలో నడుస్తూ కిటికీ అద్దాల్లోంచి చూడాలి. మొదట కొంచెం ఉక్రోషం వస్తుంది. ఇంత దూరం వచ్చి గుమ్మం దాటనివ్వకపోతే ఎట్లా? నాలుగో కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఏర్పాటు వెనక ఉన్న తెలివి తెలుస్తుంది. మనుషుల్ని లోపలికి పంపితే ముందు తాడు కట్టాలి, తర్వాత బోర్డు పెట్టాలి, ఆ తర్వాత కుర్చీ గోడకి జరపాలి. కొన్నాళ్లకి అది గది కాదు, దారి. ఇక్కడ తాడు లేదు, బోర్డుల రద్దీ లేదు. సామాను కుటుంబం అమర్చుకున్న తీరులోనే ఉంది. చూసేవాడు బయట ఉండిపోయాడు కాబట్టి గది గదిగా మిగిలింది.

కింది బొమ్మల సంగతికొస్తే ఇంకో చిక్కు. రోరిక్ ఎక్కువగా టెంపెరాలో వేశాడు. నూనెరంగులా నిగనిగలాడదు, పొడిపొడిగా ఉంటుంది. ఆయన హిమాలయాల నీలం అంత నిశ్చలంగా కనిపించడానికి ఆ మెరుగులేనితనమే కారణం. పైన వార్నిష్ పొర పూస్తే దుమ్ము నుంచి రక్షణ దొరుకుతుంది, కానీ ఆ నీలం చిక్కబడి వేరే రంగైపోతుంది. పూయకపోతే దుమ్ము నేరుగా రంగునే పట్టుకుంటుంది. పైగా గదిలో జనం ఎక్కువైతే ఊపిరి తడి, తలుపు తెరిస్తే మంచు తేమ, కిటికీ తెరిస్తే కొండెండ. ఇలాంటి బొమ్మల్ని కాపాడటమంటే నిత్యం వెలుతురుతో, తడితో బేరమాడటమే.

నాకు అన్నిటికన్నా నచ్చినవి తోటలోని రాళ్లు. దేవదారు చెట్టు కింద గుగా చౌహాన్ ఉన్నాడు, గుర్రమెక్కిన లోయ దేవుడు. పక్కన మరికొన్ని పాత కొండరాతి విగ్రహాలు. వీటిని చిత్రశాలలోకి చేర్చి దీపం కింద నిలబెట్టడం చాలా తేలిక. చెట్టు కిందే వదిలేశారు, ఊరి దేవుళ్లు ఉండాల్సిన చోటే. రోరిక్‌ని ‘మహర్షి’గా కొలిచే భక్తి ఇంటి చుట్టూ పేరుకుంది, అది నాకు కాస్త ఎక్కువనిపిస్తుంది. షెడ్డులో నిలిపిన ఆయన పాత కారు ముందు ఆ భక్తి చక్కగా దిగివస్తుంది. ఆ కొండదారుల్లో బండి నడిపించుకోవాల్సి వచ్చిన ఇంటాయన కనిపిస్తాడు.

పైన మరికొంత ఎక్కితే రోరిక్ కుటుంబం పెట్టిన ఉరుస్వతి పరిశోధన సంస్థ. కొండమొక్కల నమూనాలు, టిబెట్ వైద్యం, భాషల మీద అక్కడ పని జరిగింది. టిబెట్ పండితుడు గెదున్ చోఫెల్ యూరీతో కలిసి పనిచేసింది నగ్గర్‌లోనే.

సాంస్కృతిక కట్టడాల్ని యుద్ధంలో కూడా ముట్టుకోకూడదని అంతర్జాతీయ ఒప్పందం రాయించినవాడు ఈ రోరికే. 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాల దేశాలు దాని మీద సంతకాలు చేశాయి. తెల్లగుడ్డ మీద ఎర్ర వలయం, లోపల మూడు ఎర్ర చుక్కలు దాని జెండా. అయితే సొంత ఇంటిని కాపాడింది ఆ జెండా కాదు, చిన్నకొడుకు స్వెతస్లావ్ ముందుచూపు. ఆయన భార్య దేవికారాణి మన వాల్తేరులో పుట్టిన సినిమా తార, ఫాల్కే అవార్డు తొలి గ్రహీత. 1992లో, తాను బతికుండగానే, స్వెతస్లావ్ నగ్గర్ ఇంటికి అంతర్జాతీయ రోరిక్ స్మారక ట్రస్టు ఏర్పాటు చేశాడు. మరుసటేడు జనవరిలో పోయాడు.

ఆ దంపతులకే బెంగళూరు శివార్లలో తాతగుణి ఎస్టేట్ ఉండేది, 450 ఎకరాలకు పైమాటే. దానికి ఇలాంటి ఏర్పాటు కుదరలేదు. 1994లో దేవికారాణి పోయాక హక్కుల గొడవలు మొదలయ్యాయి. కర్ణాటక ప్రభుత్వం 1996లో ప్రత్యేక చట్టం చేసి స్వాధీనం చేసుకోబోతే వ్యవహారం కోర్టులకెక్కింది. 2011లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించే దాకా తేలలేదు. నగ్గర్ గోడల బిగువు చూసి ముచ్చటపడేవాళ్లు ఆ ట్రస్టు కాగితాన్నీ అంతే శ్రద్ధగా చూడాలి. అదీ ఒక మేస్త్రి పనే, సమయానికి చేసింది.