వంపు అద్దంలో మూడు దూరాలు

ముఖాన్ని చుట్టుకుపోయే కూలింగ్ గ్లాసులకు ప్రోగ్రెసివ్ పవర్ వేయించమని అడగండి, చాలా షాపుల్లో ముందు వద్దనే అంటారు. వాళ్ళది బద్ధకం కాదు. చత్వారం వచ్చినవాళ్ళకి దూరం, మధ్య, దగ్గర మూడూ ఒకే అద్దంలో చూపించడమే ఒక పెద్ద పని. ఆ అద్దాన్ని కణతల దాకా వంచి, రంగు వేసి, లోపల పోలరైజ్డ్ పొర కూడా పెట్టాలంటే ఒక్కో మెట్టులోనూ తప్పు దొర్లే వీలుంది. అందుకే ఈ పని సరిగ్గా కుదిరిన జత కనిపిస్తే కాసేపు చేతిలో పట్టుకుని చూడాలనిపిస్తుంది.

ముందు గీత సంగతి. బైఫోకల్‌లో దూరానికీ దగ్గరకీ మధ్య గీత ఉంటుంది, చూపు దాన్ని దాటేటప్పుడు బొమ్మ ఎగిరిపడుతుంది. ఆ గీత లేకుండా పవర్ మెల్లమెల్లగా పెరిగే అద్దానికి ఇంగ్లండులో ఓవెన్ ఏవ్స్ 1907లోనే పేటెంటు తీసుకున్నాడు. జనం ముక్కుమీదికి వచ్చింది మాత్రం 1959లో, ఫ్రాన్సులో ఎస్సెల్ సంస్థ ఇంజనీరు బెర్నార్ మేతెనాజ్ తయారుచేసిన వారిలక్స్‌తో. లెక్క కట్టడం ఒక ఎత్తు, అలాంటి వంపుని చెక్కే యంత్రం లేకపోతే దాన్ని కూడా తయారు చేసుకోవడం ఇంకో ఎత్తు.

గీత పోయింది గానీ దాని బాకీ తీరలేదు. 1963లో మింక్‌విట్జ్ అనే గణితజ్ఞుడు ఆ బాకీ ఎంతో తేల్చాడు. అద్దం నడిమి దారిలో కిందికి పోతుంటే పవర్ ఎంత జోరుగా పెరుగుతుందో, పక్కలకి జరిగితే దానికి రెట్టింపు జోరుతో అలుకు, అంటే బొమ్మని చెదరగొట్టే సిలిండర్ పవర్, పుడుతుంది. రీడింగ్ పవర్ 2 ఉందనుకోండి, పైనుంచి కిందికి 14 మిల్లీమీటర్లలో ఎక్కించారనుకోండి. మధ్యనుంచి పక్కకి జరిగే ప్రతి మిల్లీమీటరుకీ దాదాపు 0.29 చొప్పున అక్కర్లేని సిలిండర్ చేరుతుంది. మూడున్నర మిల్లీమీటర్లు జరిగేసరికి ఒక పవర్ అలుకు. దాన్ని తీసేయడం ఎవరి తరమూ కాదు. బట్ట ఇస్త్రీ చేస్తుంటే ముడత ఒకచోట నొక్కితే ఇంకోచోట లేచినట్టు, దాన్ని అటో ఇటో నెట్టగలం, అంతే. కాబట్టి డిజైనర్ పనితనమంతా అలుకుని ఎక్కడ పడెయ్యాలన్న దాంట్లోనే ఉంది. కన్ను అరుదుగా వెళ్ళే కింది పక్కల్లోకి దాన్ని తోసి, ఎంత పల్చగా పరచగలిగితే అంత మంచి అద్దం.

ఇప్పుడు ఆ అద్దాన్ని వంచండి. మామూలు కళ్ళజోడు అద్దం ముందువైపు తరచూ 4 బేస్‌కి అటూ ఇటూగా ఉంటుంది; బేస్ అంటే వంపు ఎంతో చెప్పే అంకె. చుట్టుకునే ఫ్రేములో అది 8, అంటే దాదాపు 66 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న గోళంలో ఒక ముక్క. పైగా ఫ్రేము రెండు వైపులా వెనక్కి వాలుతుంది గనక చూపు అద్దంలోకి సూటిగా వెళ్ళదు, ఏటవాలుగా వెళుతుంది. మైనస్ 4 పవర్ అద్దాన్ని 20 డిగ్రీలు వాల్చి చూస్తే, చీటీలో రాయని సిలిండర్ అరపవరుకి పైగా దానంతటదే పుడుతుంది. వేసుకున్నవాళ్ళకి అన్నీ కనబడతాయి, ఏదీ సరిగ్గా కనబడదు.

దీనికి మందు ఫ్రీఫామ్ ల్యాబులో ఉంది. ముందు వంపుని అలాగే ఉంచి, వెనకవైపుని వజ్రపు మొనతో, కంప్యూటర్ చెప్పినట్టు, చోటుచోటుకీ లోతు మారుస్తూ చెక్కుతారు. వాలు వల్ల పుట్టబోయే దోషం ఎంతో ముందే లెక్కగట్టి దానికి విరుగుడు కూడా అందులోనే చెక్కేస్తారు. అందుకే చీటీలో సిలిండరే లేని మనిషి అద్దాన్ని కూడా పవర్ కొలిచే మిషన్‌లో పెడితే సిలిండర్ కనిపిస్తుంది. తెలియనివాడు తప్పు అద్దమనుకుంటాడు. తెలిసిన ల్యాబు ప్యాకెట్ మీద రెండు పవర్లూ వేస్తుంది: డాక్టరు రాసింది ఒకటి, మిషన్‌లో కనబడాల్సింది ఇంకొకటి. ఈ రెండో వరస నాకు మహా ఇష్టం. అద్దం బల్లమీద ఉన్నప్పుడు తప్పుగా ఉండి, ముఖం మీదికెక్కాక ఒప్పు కావడం దాని గుణం.

ప్యాకెట్ మీదే కాదు, అద్దం మీద కూడా గుర్తులుంటాయి. దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పట్టి ఒకసారి నోటితో ఆవిరి పట్టించండి. రంగు ముదురుగా ఉంటే కాస్త ఓపిక కావాలి. ఆవిరి తగ్గుతుండగా సన్నని గుర్తులు రెండు తేలతాయి, ఒకదానికొకటి సరిగ్గా 34 మిల్లీమీటర్ల దూరంలో. కణత వైపు గుర్తు కింద రీడింగ్ పవర్ అంకె చెక్కి ఉంటుంది. షాపువాళ్ళు తుడిచేసే తెల్ల సిరా గీతలు పోయినా వీటిని పట్టుకుని మొత్తం నక్షా మళ్ళీ గీసుకోవచ్చు.

పోలరైజ్డ్ పొర దీనికో అదనపు ముడి వేస్తుంది. రోహిణి కార్తెలో పొద్దున్నే హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బండి నడిపేవాళ్ళకి రోడ్డు మీదా బానెట్ మీదా కొట్టే మెరుపుని ఆ పొరే ఆపుతుంది, అయితే అది అడ్డంగా సరిగ్గా కూర్చోవాలి. ప్రోగ్రెసివ్ కూడా తిరగకూడదు. ముందున్న పొర గీతా, వెనక చెక్కిన దారీ ఒకదానితో ఒకటి కలవాలి. ఆపైన అంచు కోసేవాడు అద్దాన్ని రవ్వంత పెద్దదిగా ఉంచి ఫ్రేములోకి అదిమాడంటే, బిగువుకి అద్దం వంగి అంతా పాడవుతుంది.

ఇంత చేసినా కౌంటర్ దగ్గరి మనిషి చేతిలో పెన్ను తడబడితే లాభం లేదు. పని తెలిసినవాడు మీ కళ్ళ ఎత్తుకి సరిగ్గా ఎదురుగా కూర్చుంటాడు. తన కుడికన్ను మూసి ఎడమకన్ను చూడమంటాడు, తర్వాత రెండోది. ఫ్రేము మీ ముఖం మీద ఉండగానే డమ్మీ అద్దం మీద ఒక్కో కంటిపాపకీ విడిగా చుక్క పెడతాడు, ఎందుకంటే ముక్కుకి రెండు పక్కలా దూరం అందరికీ సమానంగా ఉండదు. ఫ్రేము ఎంత వంగింది, ఎంత ముందుకి వాలింది, కంటికి ఎంత ఎడంగా ఉందో కూడా కొలిచి ల్యాబుకి పంపిస్తాడు. కొలవకపోతే ల్యాబు సగటు ముఖం లెక్క వేసుకుంటుంది, సగటు ముఖం ఎవరికీ ఉండదు.

ఇక మిగిలింది అలవాటు. మొదట్లో నేల పక్కలకి ఊగుతుంది. మెట్లు దిగేటప్పుడు కాళ్ళ దగ్గర రీడింగ్ పవర్ అడ్డొస్తుంది గనక గడ్డం కిందికి దించి పైభాగంలోంచి చూడాలి. చదవడానికి తల కాదు, చూపు దించాలి. సైడు మిర్రర్ చూడాలంటే కనుగుడ్డు తిప్పితే సరిపోదు, ముక్కునీ కాస్త తిప్పాలి. ఇంట్లో జోడు వంపు వేరు, దీని వంపు వేరు గనక వస్తువుల సైజు కూడా రవ్వంత తేడాగా కనిపిస్తుంది. మార్చి మార్చి పెట్టుకుంటుంటే మెదడు రెండు లెక్కలూ నేర్చుకుంటుంది, కానీ వారం పదిరోజులు పట్టొచ్చు.

అయితే ‘అలవాటవుతుంది లెండి’ అనే మాటకి హద్దుండాలి. నేరుగా దూరం చూస్తున్నప్పుడు జోడుని వేలితో కొంచెం కిందికి దించితే స్పష్టమవుతోందంటే, అది అలవాటు లోపం కాదు, చుక్క పైకి పడింది. దగ్గరిది చదవాలంటే జోడు పైకెత్తాల్సి వస్తే చుక్క కిందికి పడింది. మామూలు ఫ్రేములో ముక్కు ప్యాడ్లు సర్దితే ఇది తీరిపోవచ్చు. చుట్టు ఫ్రేముల్లో చాలావాటికి సర్దే ప్యాడ్లే ఉండవు, అచ్చులో పోసినవే. కాబట్టి డబ్బు కట్టేముందే ఫ్రేము ముక్కుమీద జారకుండా నిలుస్తోందో లేదో చూసుకోవాలి. పవర్ మరీ ఎక్కువైనవాళ్ళు 8 మీద పట్టుబట్టకుండా 6 బేస్ ఫ్రేము అడగడం మేలు. అద్దాలు వచ్చాక ప్యాకెట్ పారేయనివ్వకండి, రెండు పవర్ల వరస ఉండేది దానిమీదే.