కామెర్లు, కామల, జాండిస్: వైద్యపదాల సమానార్థకత – ఒక పరిశీలన

తిరుమల కొండ దిగువన తిరుపతిలో రెండు వైద్యపరిభాషలు పక్కపక్కనే వ్యవహారంలో ఉన్నాయి: దేవస్థానం వారి ఆయుర్వేద కళాశాలలో ఒకటి, స్విమ్స్ ఆసుపత్రిలో మరొకటి. రోగి రెండుచోట్లా చెప్పే మాట ‘పచ్చకామెర్లు’. ఆయుర్వేదంలో ‘కామల’ స్వయంగా వ్యాధి. చరకసంహిత దానిని పాండురోగ ప్రకరణంలో పిత్తజన్యంగా నిరూపించింది. ఆధునిక వైద్యంలో ‘జాండిస్’ రక్తంలో బిలిరుబిన్ పెరిగిందని తెలిపే లక్షణం మాత్రమే. కాలేయశోథ, పిత్తనాళంలో రాయి, ఎర్రరక్తకణాల విచ్ఛిత్తి దానికి వేర్వేరు కారణాలు. ఈ పదాలను సమానార్థకాలుగా చూపే నిఘంటుపద్ధతి ఈ భేదాన్ని మరుగుపరుస్తుంది. 2024 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదలచేసిన ఐసీడీ-11 సంప్రదాయ వైద్య విభాగం ఆయుర్వేద, సిద్ధ, యునానీ భావనలకు వేరు సంకేతాలిచ్చి, ఆధునిక సంకేతాలతో జతగా నమోదుచేసే వీలు కల్పించింది. తెలుగు వైద్యపదకోశం కూడా సమానార్థకం వద్ద ఆగక, ఆయా పదం రోగవాచకమో, లక్షణవాచకమో స్పష్టంచేయాలి. లేనిపక్షంలో కంటి పసుపు తగ్గగానే రోగం నయమైందనిపిస్తుంది. పిత్తనాళంలో రాయి అలాగే ఉండిపోవచ్చు.