భారము పంచుట, జ్ఞాపకము నిలుపుట

ఒక వెబ్‌సైటునకు వచ్చు జనసమ్మర్దమును పెక్కు సర్వరులకు పంచుటను బోధించునపుడు సాధారణముగా సినిమా హాలు టిక్కెట్టు కిటికీల ఉపమానము చెప్పుచుందురు. ఒక కిటికీ వద్ద వరుస పెరిగినచో మరియొకటి తెరువవలెను. ఎవరు ఏ కిటికీకి పోయినను దొరకు టిక్కెట్టు ఒక్కటే. ఉపమానము సులభమే గాని సగము మాత్రమే సత్యము.

పదవ తరగతి ఫలితములు వెలువడు నాడు ఇది చక్కగా సరిపోవును. ఉదయగిరి విద్యార్థి హాల్‌టిక్కెట్టు సంఖ్య పంపును. ఏ సర్వరైనను మార్కులు చూపి, వెంటనే అతనిని మరచిపోవచ్చును. ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు నింపుట అట్టి పని కాదు. నెల్లూరు జిల్లా ఆత్మకూరులోని నెట్ సెంటరులో కూర్చున్న పిల్లవాడు తొలుత లాగిన్ అయి, ఒకదాని వెంట నొకటిగా కళాశాలల నెన్నుకొని, తుదకు భద్రపరచును. ఈలోగా పదుల కొలది అభ్యర్థనలు పోవును. అవన్నియు ఒకే మనిషివని ఎవరో ఒకరు జ్ఞప్తి యందుంచుకొనవలెను గదా! వెబ్‌నకు మూలమైన హెచ్.టి.టి.పి. నియమావళికి ఆ జ్ఞాపకము లేదు. ప్రతి అభ్యర్థనయు దానికి క్రొత్తదే. 1994లో నెట్‌స్కేపు సంస్థలో లూ మాంటుల్లీ కుకీ అను చిన్న గుర్తును కల్పించెను. బ్రౌజరు ప్రతిసారియు ఆ గుర్తును చూపును. సర్వరు దానిని బట్టి తన యొద్దనున్న వివరముల మూటను వెదకికొనును. ఆ మూటయే సెషను.

చిక్కంతయు "తన యొద్ద" అను మాటలో నున్నది. మొదటి సర్వరులోని మూట రెండవదానికి తెలియదు. తరువాతి అభ్యర్థన అచటికి పోయినచో పిల్లవాడు మరల లాగిన్ కావలసివచ్చును. అప్పటివరకు ఎన్నుకొన్నది సెషనులోనే యుండినచో అదియు పోయినట్లే.

దీనికి కిటికీల కంటె గ్రామ రెవెన్యూ లెక్కల ఉపమానము మేలు. 1984లో రద్దగువరకు గ్రామములలో కరణములుండిరి. అడంగలు ఉన్నను, దానిలోని కెక్కని సంగతులెన్నియో కరణము నోటనే యుండెడివి. ఆయన పొరుగూరు పోయిన నాడు రైతు పని ఆగెడిది. స్టికీ సెషను అను పద్ధతి అచ్చముగా ఇట్టిది. లోడ్ బాలెన్సరు ఒక మనిషిని మొదట ఏ సర్వరునకు పంపెనో ప్రతిసారియు అచటికే పంపును. ప్రోగ్రాములో మార్పు అక్కరలేదు గనుక దీనిని మెచ్చువారు పెక్కురు. కాని ఆ సర్వరు ఆగినచో దానిపై నున్న సెషనులన్నియు నశించును. రద్దీ పెరిగినదని క్రొత్త సర్వరులు చేర్చినను, అవి క్రొత్తవారికే ఊరట; పాతవారు నిండిన సర్వరునే పట్టుకొని వ్రేలాడుచుందురు. ఇక భారము పంచినదెక్కడ?

మనిషిని ఐ.పి. చిరునామాను బట్టి గుర్తించు విధము మరింత లోపభూయిష్ఠము. మొబైలు కంపెనీలు వేలాది చందాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనుక నుంచుట కలదు. ఉదయగిరి కొండ క్రింది ఫోన్లెన్నియో బాలెన్సరునకు ఒక్క మనిషిగా తోచి, ఒక్క సర్వరుపైననే పడవచ్చును. ఫోను మొబైలు డేటా నుండి వైఫైకి మారగానే చిరునామా మారి, సెషను తప్పిపోవును. సొంత కంప్యూటరు లేని పిల్లలకే ఈ దెబ్బ ఎక్కువగా తగులును. కుకీని బట్టి గుర్తించినచో ఈ దోషము తీరును గాని, పైని చెప్పిన రెండును తీరవు.

రెండవ మార్గము అడంగలు వంటిది: సెషనులను సర్వరులన్నిటికి ఉమ్మడియైన ఒక నిల్వలో ఉంచుట. 2003లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ రచించిన మెమ్‌క్యాష్‌డ్, 2009లో వెలువడిన రెడిస్ ఇందుకు వాడుకలోనికి వచ్చినవి. మొదటిది నిండినపుడు పాత వివరములను తానే తొలగించును. సెషనులకు దానినే నమ్ముకొనుట సాహసమే. ఏ నిల్వయైనను రెండవ ప్రతి లేనిచో, ఒక్క పుస్తకము కాలిన ఊరంతటి లెక్క పోయినట్లగును.

మూడవది పట్టాదారు పాసుపుస్తకము వంటిది. వివరములను సంతకముతో కూడిన టోకెనుగా మనిషి చేతికే ఇచ్చివేయుదురు. ఏ సర్వరైనను సంతకము సరిచూచి నమ్మును. సెషను స్థితి యంతయు వాడుకరి వైపుననే యుండవలెనని రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధన గ్రంథమున వాదించి, కుకీలను విమర్శించెను. జె.డబ్ల్యు.టి. అను టోకెను రూపము 2015లో ప్రమాణమైనది. కాని పొలమమ్మిన పిదపను పాత పుస్తకము చేతిలో నుండవచ్చును. అట్లే ఇచ్చిన టోకెనును గడువునకు ముందు రద్దుచేయుట కష్టము. సంతకము మోసమును పట్టునే గాని లోపలి వ్రాతను దాచదు.

వెబ్ ఆప్షన్ల వంటి పనికి తగిన కూర్పు వేరు. పిల్లవాడు ఎన్నుకొన్న ప్రతి కళాశాలను ఆ క్షణముననే శాశ్వతమైన డేటాబేసులో వ్రాయవలెను. సెషనులో అతడెవరన్న సంగతి మాత్రమే యుండవలెను. అప్పుడు సెషను పోయినను మరల లాగిన్ అగు శ్రమయే గాని జాబితా పోదు. పాఠశాల ప్రయోగశాలలో రెండు కంప్యూటర్లపై ఒకే చిన్న ప్రోగ్రామును నడిపి, విద్యార్థి జాబితా నింపుచుండగా నడుమ ఒకదానిని ఆపివేసినచో, ఏ పద్ధతిలో ఎన్ని పంక్తులు మిగిలినవో పిల్లలే లెక్కింపగలరు.