నిలబడి మాట్లాడుకుంటే జట్టవుతుందా?

కాశీబుగ్గలో ఇంటి మేడ మీద నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది మా మేనకోడలు. పొద్దున్నే ఓ పావుగంట నిలబడి మాట్లాడుకునే ‘స్టాండప్’ సమావేశం. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగిపోయావు... జట్టులో ప్రతివాళ్లూ చెప్పాలి. ‘‘దాంతో పని హాయిగా ఉంటుందా?’’ అని అడిగాను. ‘‘అది హాజరుపట్టీ మావయ్యా. ఎవరేం చెయ్యాలో పైవాళ్లు ముందే పంచేస్తారు’’ అంది.

2001లో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి ఇలాంటి స్టాండప్‌లు వాడే ‘ఎజైల్’ పద్ధతికి ప్రకటన రాసింది ఇందుకు కాదు. పనిని జట్టే నడుపుకోవాలన్నది వాళ్ల సూత్రాల్లో ఒకటి. అంతకు పాతికేళ్ల ముందు హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు ఉద్యోగ తృప్తికి మూలాలు వెతికారు. పనిలో రకరకాల నేర్పు, మొదటి నుంచి చివరిదాకా మనదే అనిపించడం, నలుగురికీ పనికిరావడం, సొంత నిర్ణయం, ఫలితం తెలియడం. సమావేశాల ఊసు అందులో లేదు.

మా పలాస జీడి పరిశ్రమకు ఈ కొలత పెట్టి చూడండి. పిక్కలు కాల్చేది ఒకరు, కొట్టేది ఒకరు, పొట్టు తీసేది ఇంకొకరు, గ్రేడు చేసేది మరొకరు. పౌనుకు 240 పప్పులు మించకుండా తూగితే డబ్ల్యూ-240. లెక్క 320 దాకా వెళ్తే డబ్ల్యూ-320, ధర తగ్గుతుంది. కొట్టేటప్పుడు పప్పు విరిగితే ఆ ధరా దక్కదు. పెంకులోని జీడిరసం అంటుకుని చర్మం కాలినా, కొట్టే చేతులకు ఆ ధరతో సంబంధం లేదు. పొట్టు తీసే ఒకావిడ నాతో అంది: ‘‘మాకు తూకవే తెలుస్తాది బాబూ. పప్పు ఏ ఊరెల్తాదో మాకేటి తెలుసు?’’ పక్కపక్కనే కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, కష్టమొస్తే ఆదుకుంటారు కూడా. కూలి మాత్రం ఎవరి కిలోలు వాళ్లవే. స్నేహముంది, జట్టు లేదు.

టెక్కలి దాటి భావనపాడు ఒడ్డున పెద్దవల లాగేవాళ్లది వేరే సంగతి. పడవ వలను అర్ధచంద్రంలా వేసి వస్తుంది, రెండు కొసల తాళ్లూ ఒడ్డునున్న రెండు గుంపులు లాగుతాయి. ఒకవైపు తొందరపడితే వల వంకరపోయి చేప జారిపోతుంది. అందుకే ఆ కేకలు, ఆ అడుగుల పొందిక. వల ఒడ్డెక్కగానే ఫలితం కళ్లముందుంటుంది, దాన్నిబట్టే వాటాలు. వల యజమానికి ఎక్కువే వెళ్తుంది, ఉత్త వల వచ్చిన రోజు అందరిళ్లలోనూ పస్తే. దాన్ని స్వర్గమని నేననను. కానీ ఏ నిమిషానికి లాగాలో, ఎప్పుడు ఆగాలో అక్కడ తాడు పట్టినవాళ్లే తేలుస్తారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు తాళ్లు తమ దగ్గరే ఉంచుకుని కేకలు మాత్రం పిల్లల చేత వేయిస్తున్నాయని నా అభిప్రాయం. టీమ్ లీడర్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: వచ్చే వారం పనులు మీరు పంచకండి, జట్టునే పంచుకోనివ్వండి. చేసింది వాడినవాళ్లు ఏమన్నారో ఆ వారంలోనే వాళ్ల చెవిన వెయ్యండి. స్టాండప్ ఉంచాలా, ఎత్తెయ్యాలా అన్నదీ వాళ్లనే అడగండి.