స్కాన్‌కు ముందు స్టాచ్యూ ఆట

కర్ణాటకలోని చింతామణి నుంచి బెంగళూరు బస్సెక్కే పిల్లల్లో కొందరి ప్రయాణం ఎమ్మారై స్కాన్ కోసమే. ఫిట్స్ వచ్చాయనో, తలనొప్పి తగ్గడం లేదనో డాక్టరు రాసిచ్చి ఉంటారు. "ఏం కాదు నాన్నా, ఫోటో తీస్తారంతే" అంటుంది అమ్మ. తీరా లోపలికెళ్తే ఇరుకు సొరంగం, రోకలితో దంచినట్టు చప్పుడు. అరగంట దాకా కదలకూడదు. ఆ తర్వాత అమ్మ ఏం చెప్పినా పిల్లాడు ఓ పట్టాన నమ్మడు.

కదిలితే స్కాన్ ఫోటో చెదిరిపోతుంది. అందుకే చిన్నపిల్లలకు చాలాచోట్ల మత్తు ఇస్తారు. మత్తంటే గంటల తరబడి పస్తు, మత్తు డాక్టరు, తెలివొచ్చేదాకా కాపలా.

డెన్మార్క్‌లో 2015లో లెగో కంపెనీ ఉద్యోగి ఒకరు ఒడెన్సే యూనివర్సిటీ ఆసుపత్రితో కలిసి ప్లాస్టిక్ ఇటుకల ఎమ్మారై కట్టారు. పిల్లలు దాంతో ఆడుకుని, అసలు యంత్రం దగ్గరికి వెళ్తారు. అలాంటివి 600 సెట్లు ఆసుపత్రులకు ఉచితంగా ఇస్తామని 2022లో లెగో ఫౌండేషన్ ప్రకటించింది. వాడిన సిబ్బందిలో దాదాపు సగం మంది మత్తు అవసరం తగ్గిందన్నారట. అడిగింది బొమ్మలవాళ్లే కాబట్టి ఆ లెక్కను కాస్త తగ్గించుకునే చదవాలి. అమెరికాలో స్కాన్ యంత్రాలు చేసే జీఈ కంపెనీ డిజైనర్ డగ్ డీట్జ్, తాను రూపొందించిన యంత్రాన్ని చూసి ఓ పాప ఏడవడం గమనించారు. ఆ తర్వాతే పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో స్కాన్ గది ఓడదొంగల ఓడగా మారింది.

అంత ఖర్చు మనకెందుకు? చన్నపట్న లక్కబొమ్మల పనివాళ్లకు ఓ గుండ్రటి చట్రం, అందులోకి జరిగే బల్ల చేయడం ఎంత పని! అదీ లేకపోతే టమాటా మార్కెట్ ఉన్న చింతామణిలో అట్టపెట్టె దొరక్కపోదు. రెండువైపులా తెరిచి, గుడ్డబొమ్మను పడుకోబెడితే చాలు.

కానీ ముందు బొమ్మ ఒంటిమీది లోహం తీయాలి. స్కాన్ గది గుమ్మంలో ఎవరో వచ్చి మొలతాడు, తాయెత్తు, పట్టీలు గబగబా విప్పేస్తుంటే పిల్లతో పాటు అవ్వ కూడా బెదిరిపోతుంది. ఇంట్లో పిల్లే బొమ్మ పట్టీలు విప్పి అవ్వకిచ్చి, "ఆ యంత్రంలో పెద్ద అయస్కాంతం ఉంది, దాచిపెట్టు" అని ఆజ్ఞాపిస్తే అవ్వకూ పాఠం అయిపోతుంది. ఆపైన ఫోన్‌లో ఎమ్మారై చప్పుడు వినిపించాలి, మొదట మెల్లగా. చివర్లో పిల్లను మంచం కింద పడుకోబెట్టి "స్టాచ్యూ!" అనాలి. వీధిలో రోజూ ఆడే ఆటే కదా, ఈసారి కొంచెం ఎక్కువసేపు. సూది ఉంటే నొప్పి ఉంటుందనే చెప్పాలి.

మరీ చిన్నపిల్లలకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు మత్తు తప్పదు. ఆ నిర్ణయం డాక్టరుదే.

ఆసుపత్రులకొక మనవి: స్కాన్ తేదీ రాసిచ్చే చీటీ వెనక ఈ నాలుగు ముక్కలూ తెలుగులో, కన్నడలో అచ్చేయించండి. అమ్మానాన్నలూ, తేదీ తీసుకునేటప్పుడే "మా పిల్లకు ఆ గది ఒకసారి చూపిస్తారా?" అని అడగండి.