సమాన వాటా: ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథలో ఆస్తి పంపకం

అమెరికా బానిసత్వ సాహిత్యం ప్రస్తావనకు రాగానే పాఠకునికి మొదట స్ఫురించేది కొరడా. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన ఆత్మకథలో కొరడాకు దీటుగా భయపెట్టే సాధనం మరొకటి ఉంది. అది ఆస్తి విలువ కట్టే పట్టిక.

మేరీలాండ్‌లో డగ్లస్ యజమాని కెప్టెన్ ఆరన్ ఆంథొనీ 1826లో వీలునామా రాయకుండానే మరణించాడు. ఆత్మకథ ప్రకారం ఆస్తిని కొడుకు ఆండ్రూకు, కూతురు లుక్రీషియాకు సమంగా పంచవలసి వచ్చింది. బాల్టిమోరులో ఉన్న బాలుడు డగ్లస్‌నూ అందుకోసం వెనక్కు రప్పించారు. మనుషులను గుర్రాలు, గొర్రెలు, పందులతో ఒకే వరుసలో నిలిపిన ఆ ఘట్టంలో రచయిత వాక్యాలు సైతం జాబితా రూపం ధరిస్తాయి.

హారియట్ బీచర్ స్టో నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్' (1852)తో పోల్చినప్పుడు ఈ ఘట్టం ప్రత్యేకత స్పష్టమవుతుంది. అక్కడ షెల్బీ అప్పు తీర్చడానికి టామ్‌ను అమ్ముతాడు. సెయింట్ క్లేర్ విముక్తి పత్రాలు పూర్తికాకుండానే మరణించగా, భార్య మేరీ టామ్‌ను వేలానికి పంపుతుంది. మంచి యజమాని మాటకు చట్టంలో విలువ లేదని చూపడమే స్టో ఉద్దేశం. అయినా అప్పు లేకుంటే, పత్రాలు సకాలంలో పూర్తయి ఉంటే అన్న ఊహకు కథ చోటిస్తుంది. డగ్లస్ రచనలో ఆ ఊరట లేదు. అక్కడ ఎవరూ వాటా ఎగవేయలేదు, వారసుల మధ్య తగవూ లేదు. పంపకం సక్రమంగా సాగడమే బానిసలకు విపత్తు. అందరికీ భయం క్రూరుడైన ఆండ్రూ వాటాకు పోతామేమోనని. డగ్లస్ లుక్రీషియా వాటాకు వచ్చి బాల్టిమోరు చేరుకున్నాడు.

అమ్మమ్మను అడవిలోని గుడిసెకు వదిలివేశారన్న భాగం మాత్రం జాగ్రత్తగా చదవవలసినది. ఆమె ఏకాంతాన్ని డగ్లస్ కళ్లారా చూడలేదు, ఊహించి రాశాడు. 1848 నాటి బహిరంగ లేఖలో ఆ నేరాన్ని లుక్రీషియా భర్త థామస్ ఆల్డ్‌పై మోపి, మరుసటి ఏడాది ఆల్డ్ ఆమెను చేరదీశాడని తెలిసి తానే సవరించుకున్నాడు. దీనితో ఆత్మకథ విశ్వసనీయత సడలిందనడం తొందరపాటు. సవరణ తొలగించింది ఒక వ్యక్తిపై మోపిన నింద. తరాల పిల్లలను పెంచిన వృద్ధురాలికి వెల కట్టవచ్చునన్న పద్ధతిని అది తాకలేదు.